ఇద్దరిలో ఒక్కరే నిలబడాలి

బాస్కెట్‌బాల్‌లో ఒక రూలుంది. ఆట జరుగుతున్నంతసేపూ బెంచీ దగ్గర కోచ్, అసిస్టెంట్ ఇద్దరిలో ఒక్కరే నిలబడాలి. రెండోవాళ్లు కూర్చోవాలి. చూసే జనానికి ఇది పట్టదు. నా బతుకు మాత్రం చాలా ఏళ్లు ఆ రూలు కిందే గడిచింది. మా సార్ నిలబడేవారు, నేను కూర్చునేదాన్ని.

మ్యాచి రోజున సార్ కూర్చోగా చూసినవాళ్లు లేరు. బక్కపలచటి మనిషి. ప్యాంటు బొడ్డు మీదికి లాగి బెల్టు బిగించి, లైను పక్కన అటూ ఇటూ తిరుగుతూ హిందీ, తెలుగు కలిపి తిట్టేవారు. బాగా కోపం వస్తే అచ్చం శ్రీకాకుళం తిట్లే వచ్చేవి. అవతలి జట్టువాళ్లకి అర్థమయ్యేవి కావు కాబట్టి రిఫరీలు కూడా పట్టించుకునేవారు కాదు. ఆయన రైల్వేలో గుమాస్తా. డ్యూటీ దిగి టాటానగర్‌లో మా బర్మామైన్స్ రైల్వే క్వార్టర్ల పిల్లలకి ఆట నేర్పేవారు. రిటైరయ్యాక మా కాలేజీ ఆయన్ని అమ్మాయిల జట్టుకి కోచ్‌గా పెట్టుకుంది.

నన్ను ఆయన కుళాయి దగ్గర పట్టుకున్నారు. నీళ్ల కోసం కొట్టుకునే ఆడవాళ్ల తలల మీదుగా నేను బిందె అందుకుంటుంటే చూసి, నేరుగా మా ఇంటికొచ్చి, "మీ గుంటని నాకియ్యండి బాబూ" అన్నారట. మా నాన్న టాటానగర్ స్టేషన్లో పాయింట్స్‌మన్. పెళ్లి సంబంధమనుకుని, "దానికింకా పెళ్లీడు రాలేదండీ" అన్నాడు. "పెళ్లికి కాదు, బంతాటకి!" అని సార్ నెత్తి కొట్టుకున్నారు. మా ఇంట్లో ఎప్పుడు ఎవరు చుట్టపుచూపుగా వచ్చినా నాన్న ఈ సంగతి చెప్పందే టీ ఇచ్చేవాడు కాదు.

ఆ తర్వాత స్కూలు జట్టు, కాలేజీ జట్టు, రాష్ట్రం జట్టు. జనరల్ బోగీలో బాత్రూం పక్కన బ్యాగు వేసుకుని కూర్చుని ఎన్ని ఊళ్లు తిరిగానో. నా ఆశ ఒక్కటే, స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం. ట్రయల్సుకి పిలుపు కూడా వచ్చింది. దానికి ముందొక టోర్నమెంటులో రింగుకి తగిలి తిరిగొచ్చే బంతి కోసం ఎగిరి, అవతలమ్మాయి పాదం మీద దిగాను. మోకాల్లో ఏదో తెగినట్టయింది. పైకి చెప్పలేదు. క్రేప్ బ్యాండేజీ బిగించి ఫైనల్ ఆడాను. సగం ఆటలో సార్ నన్ను పిలిచి కూర్చోబెట్టేశారు.

"నన్నెందుకు దించీసినారు సార్?" అని అరిచాను.

"ఆట అయిపోనాక సెప్తాను" అన్నారు, నా వైపు చూడకుండానే.

ఆట అయిపోయాక కూడా చెప్పలేదు. ఆటో ఎక్కించి బిష్టుపూర్‌లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. చెప్పాల్సిందంతా ఆ డాక్టరే చెప్పాడు. ఆపరేషనైంది, ట్రయల్స్ వెళ్లిపోయాయి. నేను గోడకేసి తిరిగి పడుకుని అన్నం మానేశాను. ఒకరోజు సార్ వచ్చి నా దిండు మీద ఒక విజిల్ పడేసి, "రేపట్నుంచి వచ్చి నా పక్కన కూకో" అన్నారు. వెళ్లి కూర్చున్నాను.

అసిస్టెంట్ కోచ్ అంటే వినడానికి దర్జాగానే ఉంటుంది. బంతుల్లో గాలి కొట్టడం, స్టోరు తాళాలు కాయడం, అమ్మాయిల చీలమండలకి టేపు చుట్టడం, "చీకటి పడకముందే ఇంటికి పంపిస్తాం భయ్యా" అని వాళ్ల నాన్నలకి ఫోన్లు చేయడం, ఇవే నా పనులు. ఎప్పటికైనా నేనూ నిలబడాలని ఉండేది. ఉండేది కాదంటే అబద్ధం. కానీ సార్ ఉండగా కాదు.

మూడేళ్ల కిందట మొదలైంది. ప్రాక్టీసులో సార్ ఒకే డ్రిల్లు చేయించి, నీళ్లు తాగొచ్చి మళ్లీ అదే చేయించేవారు. అమ్మాయిలు మొదట్లో కిసుక్కున నవ్వుకున్నారు. తర్వాత నవ్వడం మానేసి, "దీదీ, సర్ కో క్యా హువా హై?" అని నన్నడిగారు, సార్‌కి ఏమైందని. ఒక సాయంత్రం ఆయన బారిడీహ్‌లో ఉన్న సొంతిల్లు మర్చిపోయి, ఎప్పుడో ఖాళీ చేసిన బర్మామైన్స్ క్వార్టరుకెళ్లి తలుపు కొట్టారు. ఇప్పుడక్కడ ఉంటున్నవాళ్లు నాకు ఫోన్ చేస్తే వెళ్లి తీసుకొచ్చాను.

సార్ భార్యని నేను పిన్నీ అంటాను. ఆవిడ నన్ను గేటు దగ్గరే ఆపింది.

"ఇంట్లో నన్నే ఒక్కోపాలి ఎవులు నువ్వని అడుగుతన్నాడే. గ్రౌండుకి ఎల్లొత్తే మాత్రం మనిషి మనిషిలాగుంటన్నాడు. ఆ ఒక్కటీ లాగెయ్యకే తల్లీ."

"నానెందుకు లాగుతాను పిన్నీ" అన్నాను.

కాలేజీకి తెలిస్తే ఆయన్ని ఇంట్లో కూర్చోబెడతారు. చెప్పింది నేనైతే, కుర్చీ కోసం ముసలాయన్ని తోసేసిందంటారు. ఈ రెండో భయం కూడా నాకుండేది. అందుకని అమ్మాయిలూ నేనూ ఒక ఏర్పాటు చేసుకున్నాం. నా తువ్వాలు భుజం మీదుంటే సార్ చెప్పినట్టు ఆడాలి. ఒళ్లో ఉంటే ముందు నేను చెప్పి ఉంచినట్టు ఆడాలి. మొదట్లో తువ్వాలు ఎక్కువసేపు భుజం మీదే ఉండేది. పోయిన చలికాలానికి పూర్తిగా ఒళ్లోకి దిగిపోయింది. సార్ లైను పక్కన తిరుగుతూ అరుస్తూనే ఉండేవారు, అమ్మాయిలు "యస్ సర్" అంటూనే ఉండేవారు. ఆయన్ని మోసం చేస్తున్నామన్న బాధ ఒకవైపు, ఆయన ముఖంలో వెలుగు చూసి సంతోషం ఒకవైపు. ఇంటికెళ్లి ఊరికే అందరి మీదా విసుక్కునేదాన్ని.

జట్టులోకి కొత్తగా ఒక చిన్నమ్మాయి వచ్చింది. పీలగా ఉన్నా బంతి చేతికొస్తే బుల్లెట్టే. సార్ గొంతంటే దానికి దేవుడి మాట. ఆయన అరిచారంటే ఇక నా తువ్వాలు వైపు చూసేది కాదు.

కాలేజీల ఫైనల్ రోజున అదే మా కొంప ముంచింది. సగం ఆటయ్యాక రెండు జట్లూ రింగులు మార్చుకుంటాయి. సార్ ఆ సంగతి మర్చిపోయారు. మేం కాపాడుకోవాల్సిన రింగు కిందే ఆ చిన్నమ్మాయికి బంతి దొరికింది. సార్ చేతులెత్తి, "ఎయ్యి! ఎయ్యే గుంటా, ఎయ్యి!" అని అరిచారు. అది వెనకా ముందూ చూడలేదు, ఎగిరి వేసేసింది. రెండు పాయింట్లు అవతలి జట్టుకి పోయాయి. జనం గొల్లున నవ్వారు. ఆ పిల్ల తల పట్టుకుని కోర్టు మధ్య ఏడుస్తుంటే, మా సార్ చప్పట్లు కొడుతూ "శభాష్, శభాష్" అంటున్నారు.

నేను లేచి నిలబడ్డాను. ఆ ఏడుపు చూశాక కూర్చోలేకపోయాను.

రిఫరీ మమ్మల్ని ఎరిగినవాడే. దగ్గరికొచ్చి నెమ్మదిగా, "దీదీ, ఏక్ హీ" అన్నాడు. అంటే ఇద్దరిలో ఒక్కరే.

"సార్, కూర్చోండి" అన్నాను. వినిపించుకోలేదు. భుజం మీద చెయ్యి వేసి కొంచెం నొక్కాను. ఆ భుజంలో బరువే లేదు. ఆయన కూర్చుండిపోయారు. తువ్వాలు ఆయన ఒళ్లో పెట్టి కోర్టు వైపు తిరిగాను. ఇన్నేళ్లూ నిలబడాలని కోరుకున్నాను కదా, అది ఇలా దొరుకుతుందని అనుకోలేదు. ఎదురు వరసలో కాలేజీ పెద్దలంతా చూస్తున్నారు.

కాసేపటికి వెనక నుంచి నా టీషర్టు అంచు పట్టుకుని లాగారు. వంగి చూస్తే ఆయన కళ్లనిండా నీళ్లు.

"నన్నెందుకు దించీసినావు?" అన్నారు.

"ఆట అయిపోనాక సెప్తాను సార్" అన్నాను. ఆయన బుద్ధిగా తలూపి, చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నారు. కోచ్‌కి ఎదురు చెప్పకూడదని మాకు నేర్పింది ఆయనే.

మేమే గెలిచాం. ఆ చిన్నమ్మాయి ఏడుస్తూనే ఆడి గెలిపించింది. పెద్దలు నాతో చేతులు కలిపి అభినందించారు. తర్వాతి వారం నన్ను కోచ్‌ని చేశారు, సార్‌కి శాలువా కప్పి పంపేశారు. పిన్ని నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది. ఇప్పుడు ప్రతి మ్యాచిలోనూ నేనే నిలబడుతున్నాను. పక్కన కూర్చోవడానికి కాలేజీ ఇంకా ఎవరినీ ఇవ్వలేదు.

ఫైనల్ గెలిచిన ఆ సాయంత్రం అమ్మాయిలు కప్పు పట్టుకుని ఫోటోలకి వెళ్లాక, బంతులు సంచిలో వేసుకుని బెంచీ దగ్గరికి వచ్చాను. సార్ నేను కూర్చోబెట్టిన చోటే ఉన్నారు. తువ్వాలు చక్కగా మడత పెట్టి ఉంది.

"ఆట అయిపోనాది కదా. సెప్పు మరి" అన్నారు.

ఆయన పక్కన కూర్చున్నాను. ఆ రోజు ఆయన నాకెందుకు చెప్పలేకపోయారో అప్పుడు తెలిసింది. డాక్టరు నాకు చెప్పిన మాటే ఆయనకి చెప్పాను.

"మోకాలు సార్. మీ మోకాలు పాడైంది."

ఆయన వంగి కుడి మోకాలు చూసుకున్నారు, తర్వాత ఎడమది. రెంటినీ అరచేత్తో రుద్దుకున్నారు. పాపం, ఏది పాడైందో తెలియక.

"తగ్గినాక మళ్లీ ఆడిత్తావా?" అని అడిగారు.

"ఆడిత్తాను సార్" అన్నాను.