అమ్మ స్పీడు

గాజువాకలో మా మేడ మీద గదిలో పదిహేడు పాత వాక్‌మన్‌లు ఉన్నాయి. పన్నెండు పాడతాయి. మిగతా అయిదూ పాడేదాకా నేను వదలను, నాకదో పిచ్చి. వాటి లోపలి రబ్బరు బెల్టు కరిగి తారులా చక్రాలకి అంటుకుపోతుంది. దాన్ని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడుస్తూ కూర్చుంటే భోజనం కూడా గుర్తుండదు. మన సముద్రపు గాలికి బ్యాటరీ రేకులు తుప్పు పట్టేస్తాయి, వాటినీ రుద్దాలి.

"ఇరవయ్యేళ్లబట్టి ఈ వంటింట్లో నాను తుప్పట్టిపోతన్నాను. నాకేసి ఒక్కసారైనా అలా సూసేవా?" అంటుంది మా ఆవిడ.

వీటిలో నాన్నది వేరు. నాన్న ఓడల మీద పనిచేసేవాడు. రాయడం రాని అమ్మ, ఇంట్లో టేప్‌రికార్డర్ ముందు కూర్చుని క్యాసెట్ నిండా కబుర్లు చెప్పేది. తర్వాతి ఓడ ఎక్కేవాళ్లెవరో దాన్ని నాన్నకి అందించేవారు. అలాంటి క్యాసెట్ ఒక్కటే మిగిలింది. నా నాలుగో ఏట అమ్మ పోయింది. ఆవిడ గొంతు నాకు గుర్తు లేదు.

కిందటి నెల నాన్న వాక్‌మన్‌కి కొత్త బెల్టు వేశాను. ముందు పాటల క్యాసెట్ పెడితే శుభ్రంగా పాడింది. తర్వాత అమ్మ క్యాసెట్ పెట్టాను. తీరా చూస్తే మాట మీద మాట ఎక్కించేస్తూ ఎవరో గడగడా వాగేస్తున్నారు. చచ్చాంరా బాబూ అనుకున్నాను. రికార్డు చేసిన రోజు టేప్‌రికార్డర్‌లో బ్యాటరీలు నీరసించి టేపు మెల్లగా తిరిగి ఉంటుంది, అందుకే ఇప్పుడు వేగంగా వస్తోందని తేల్చేశాను. నాకు తెలియని రిపేరా! మోటారు వెనక స్పీడు తగ్గించే చిన్న స్క్రూ ఉంటుంది. తిప్పాను. ఇంకొంచెం తిప్పాను. అప్పుడు వచ్చింది, రేడియోలో వార్తలు చదివే ఆవిడలా నిదానమైన గొంతు. ఇన్నేళ్లూ నేను ఊహించుకున్న అమ్మ అదే. వారం రోజులు వింటూ ఏడ్చాను, మురిసిపోయాను.

ఎలమంచిలిలో అమ్మ చెల్లెలు, మా పిన్ని ఉంది. ఆ రోజుల్లో మా ఇంట్లోనే ఉండేది. వాక్‌మన్ పట్టుకెళ్లి, చిన్న స్పీకరు తగిలించి వినిపించాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విని మొహం చిట్లించింది.

"ఎవుర్తిరా ఇది? జొరమొచ్చిందా ఏటి?"

"అమ్మే పిన్నీ!"

"ఛ, ఊరుకో. మీయమ్మ ఇలా సాగదీసి మాటాడ్డం నా బతుకులో సూళ్లేదు. అది నోరు తెరిస్తే రైలే! కాస్త ఆగవే అని మీ నాన్న దణ్ణాలెట్టీవోడు."

నాకు ఒళ్లు మండింది. నా అమ్మని నా దగ్గర్నుంచి లాక్కుంటున్నట్టే అనిపించింది. పిన్ని మాట తప్పని తేల్చాలని ఆ రోషంతోనే స్క్రూ వెనక్కి తిప్పి, పాటలు సరిగ్గా పాడిన చోట ఆపాను.

మళ్లీ అదే గడగడ. ఓడెప్పుడొస్తుంది, పిల్లాడు అన్నం తినడం లేదు, కప్పు కారుతోంది, అన్నీ ఒక్క ఊపిరిలోనే. మధ్యలో అమ్మ ఉన్నట్టుండి అరిచింది: "ఒసే, పొయ్యి మీద సేపలు మాడిపోతన్నాయే, సూడు!"

పిన్ని ఒళ్లోని చిక్కుడుకాయలన్నీ నేల మీద పోసేసి లేచింది.

"సూత్తన్నానే అక్కా!"

వంటింటి గుమ్మం దాకా పరుగున వెళ్లి, అక్కడ ఆగిపోయింది. అమ్మ మాత్రం పిన్నిని తిడుతూనే ఉంది.

ఇంటికొచ్చి మా ఆవిడ గోళ్ల రంగు అడిగి తీసుకుని, ఆ స్క్రూ మీద ఒక చుక్క వేశాను, ఇంకెప్పుడూ తిరగకుండా.