డబ్బా మీది పేరు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు. పటాన్‌చెరులో పిల్లలు లేనివాళ్లు వచ్చే ఒక ఆసుపత్రిలో నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. లక్డారం నుంచి మంజుల, శ్రీశైలం అనే భార్యాభర్తలు ఇటుకంత ఫైలుతో వచ్చారు. ఫైలంతా ఆమెదే. వేరేచోట రెండుసార్లు లాప్రోస్కోపీ, అంటే పొట్టకు రంధ్రాలు పెట్టి కెమెరాతో చేసే ఆపరేషన్, చేయించుకుంది. అతనిది ఒక్కటే కాగితం. వీర్యకణాలు భేషుగ్గా ఉన్నాయని అందులో రాసి ఉంది.

మా డాక్టరమ్మ ఆ కాగితం పక్కన పెట్టి కొత్త శాంపిల్ అడిగారు. మైక్రోస్కోపు కింద చూస్తే ఒక్క కణం లేదు. డబ్బాలు నేనే తారుమారు చేశానేమోనని వాటి మీది పేర్లు మళ్లీ సరిచూసుకున్నాను. కొన్ని వారాలాగి మళ్లీ చూస్తే అదే ఖాళీ. దీన్ని అజూస్పెర్మియా అంటారు.

అతన్నొక్కణ్నే పిలిచి పాత రిపోర్టు ముందుపెట్టాను.

"అది నాది గాదు మేడమ్," అన్నాడు. "అప్పుడు మేమున్న ఇస్నాపూర్‌ల రూముకాడికెల్లి శాంపిల్ తెచ్చియ్యొచ్చని ఆ ల్యాబోళ్లన్నరు. నా దోస్త్‌కు ఇద్దరు పిల్లలు. ఆనిది ఇచ్చిన. కంపెనీ మెడికల్ టెస్టుల మూత్రం డబ్బాలు గిట్లనే మార్చుకుంటం, ఎవలడుగుతరు?"

ఈ ఉద్యోగంలో చాలా అబద్ధాలు విన్నాను కానీ ఇలాంటిది వినలేదు.

"ఆమెను మొదటిసారి కోసినప్పుడన్న చెప్పొద్దా?"

"చెప్దామనుకున్న. ఊళ్లె తలెట్ల ఎత్తుకోవాలె అనిపిచ్చింది."

"మరి రెండోసారి?"

రిపోర్టు మడతపెట్టి నావైపు తోశాడు. అతని చెంప పగలగొట్టాలనిపించింది.

కణాలు బయటికొచ్చే దారిలో అడ్డు ఉంటే సూదితో తీయొచ్చు. ఇతనికి తయారీయే సరిగా లేదని రక్తపరీక్షల్లో తేలింది. అందుకని డాక్టరమ్మ మైక్రో టీసే చేద్దామన్నారు. వృషణాన్ని తెరిచి, మైక్రోస్కోపుతో చూస్తూ, కణాలున్న సన్నటి నాళాల కోసం వెతికే ఆపరేషన్ అది. దొరుకుతాయన్న హామీ లేదు. "ముందుగాల ఆమెకు చెప్పు, తర్వాతనే సంతకం," అని అతనితో అన్నారు.

నా ముందే చెప్పాడు. మంజుల ఏడవలేదు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది.

"నేను రెండుసార్లు కోయించుకున్న. ఇగ నువ్వు పో. నేను బయట కూసుంట."

ఆపరేషన్ రోజు తీసిన ముక్కలు ఒక్కొక్కటే నాకు అందించారు. కళ్లు లాగేదాకా వెతికాను. చివరికి ఒక కణం కదిలింది, ఆ తర్వాత ఇంకో మూడు. పరుగున వెళ్లి మంజులకు చెప్పాను.

ఆమె నా మొహంలోకి చూసి మెల్లగా అడిగింది. "గివన్న ఆయనవేనా మేడమ్?"

"ఆయన ఒంట్లకెల్లి తీసి సీదా నా చేతికే ఇచ్చిండ్రమ్మా," అన్నాను.

అప్పటినుంచి బయట నుంచి తెచ్చిన డబ్బా నేను తీసుకోవడం లేదు. మగవాడి పాత రిపోర్టు ఎంత బాగున్నా ఇక్కడ మళ్లీ చూడాల్సిందే. డబ్బా మీద ఎవరి పేరైనా రాయొచ్చు. కోత మాత్రం మంజుల ఒంటి మీద పడింది.