నాయనమ్మ తడిపిన గోడ

నా చిన్నప్పుడు మా ఇంటి గోడకు మా చిన్నాయన కొట్టిన మేకులు వరుసగా ఉండేవి. పెన్‌పహాడ్ దగ్గర పల్లె మాది, మట్టిగోడల ఇల్లు. పెళ్లైన కొత్తలో ఆయన సూర్యాపేట అంగట్లో వాటిని కొనుక్కొచ్చి తాము పడుకునే అర్రలో తానే కొట్టుకున్నాడు. ఒకదానికి అద్దం, ఒకదానికి లాంతరు, ఒకదానికి చిన్నమ్మ జల్లెడ. చివరి మేకుకు నన్ను ఎత్తుకుని నా పలక సంచి తగిలింపజేసేవాడు. అది నా సొంతమని తోటి పిల్లల ముందు తెగ గొప్పలు పోయేదాన్ని.

ఒక ఎండాకాలం ఆయనకూ మా నాయనకూ చెడింది. తమ్ముణ్ని ఒక్క మాటైనా అడగకుండా నాయన ఎడ్లను అమ్మేశాడు. వాటిని చిన్నాయన కన్నబిడ్డల్లా సాకాడు. ఇదేమిటని అడిగితే, ఇంటికి పెద్దవాణ్ని, నిన్ను అడిగేదేంది అన్నాడట నాయన. అంతే, ఇద్దరికీ మాటల్లేవు. వాకిట్లో ఎదురుపడితే ఒకరు గోడను చూసేవారు, ఒకరు దొడ్డిని చూసేవారు. చివరికి చిన్నాయన మిర్యాలగూడలో రైస్ మిల్లు పని కుదుర్చుకుని, ఇక ఈ గడప తొక్కనని చెప్పేశాడు. పెద్దవాళ్లు కోపంలో అన్న మాటలను పిల్లలు నిజమనే నమ్ముతారు. నాకు ఏడుపు ఆగలేదు.

వెళ్లే రోజు పొద్దున్నే సామాను సర్దుకుని, ఆ తర్వాత పట్కారు తీసుకుని మేకులు పీకడం మొదలుపెట్టాడు. ఇనుప ముక్కల కోసం అంత పంతమా అంటే, కోపమొస్తే మా ఇంటి మగవాళ్లకు కళ్లు కనపడవు. తన గుర్తంటూ ఏదీ ఆ ఇంట్లో మిగలకూడదని ఆయన పట్టుదల. మొదటి మేకును ఒక్క గుంజు గుంజాడు. దాంతోపాటు పెద్ద మట్టిపెళ్ల ఊడి కింద పడింది. ఆ చప్పుడుకు నాయన గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. ఎవరు ఒక్క మాట తూలినా కొట్టుకునేదాకా పోయేటట్టుంది.

వాకిట్లో చింతపండు గింజ తీస్తున్న నాయనమ్మ లేచింది. ఏటా ఎర్రమట్టి, పేడ కలిపి ఆ గోడలను అలికేది ఆమే. అరవలేదు, తిట్టలేదు. చెంబుతో నీళ్లు తెచ్చింది.

“మొలలు నీయే కొడుకా, తీస్కపో. గోడ నాది. దానికి దెబ్బ తాకనియ్యకు,” అంది. మా దిక్కు మేకును మొల అంటారు.

తడిగుడ్డతో ప్రతి మేకు చుట్టూ నీళ్లు అద్దింది. మట్టి నానేదాకా కూర్చోమంది. ఆయన ఉసూరుమంటూ కూర్చున్నాడు. కాసేపయ్యాక నాయనమ్మ మా నాయన వైపు తిరిగింది.

“నువ్వట్ల సూసుకుంట నిలవడితే ఎట్ల? రెండు చేతులతోని గోడను అదిమి పట్టు. వాడు పీకుతడు.”

ఆ తల్లి మాట కాదనే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ లేదు. నాయన మేకుకు రెండు పక్కలా అరచేతులు ఆనించాడు. ఆ చేతుల నడుమనే పట్కారు తిప్పాలి. ఇప్పుడు కసిగా గుంజితే ఊడేది మట్టిపెళ్ల కాదు, చితికేది అన్న వేళ్లు. చిన్నాయన పట్టు సడలించి మెల్లగా అటూ ఇటూ తిప్పసాగాడు.

“జర చెయ్యి జరుపన్నా, తాకుతది,” అన్నాడు ఉన్నట్టుండి.

చాలా రోజులకు విన్న ఆ పిలుపుకు నాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఎడ్ల సంగతి నిన్ను అడగాల్సుండెరా,” అన్నాడు గోడ వైపే చూస్తూ. చిన్నాయన ఆ మేకును పీకి జేబులో వేసుకున్నాడు. తర్వాతి మేకు దగ్గరికి వెళ్లేసరికి అక్కడ నాయన అరచేతులు ముందే ఉన్నాయి.

చిన్నాయన వెళ్లడం మాత్రం ఆగలేదు, మిల్లులో మాటిచ్చాడు మరి. ఆయన ట్రంకుపెట్టెను మా నాయనే నెత్తిన పెట్టుకుని బస్సు దాకా మోశాడు. ఆ తర్వాత నాట్లకూ కోతలకూ చిన్నాయన వస్తూనే ఉన్నాడు. గడప తొక్కనన్న మాటను ఎవరూ ఆయనకు గుర్తుచేయలేదు.

పెద్దయ్యాక ఒకసారి నాయనమ్మను అడిగాను, ఆ రోజు నీళ్లు అద్దకపోతే మేకులు వచ్చేవి కాదా అని. ఆమె నవ్వింది. “ఎందుకు రావు బిడ్డా, జర అటిటు తిప్పితే వస్తయి. వాళ్లను అంతసేపు ఒక్కతాన ఉంచాలె గద!”

మనుషులను కలపడానికి నీతులు చెప్పనక్కర్లేదని, ఇద్దరి చేతులూ పడితే తప్ప కాని పని ఒకటి చెబితే చాలని నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. నా కొడుకులిద్దరూ సూర్యాపేటలోనే వేరువేరు ఇళ్లలో ఉంటారు. ఏదో మాట పట్టింపుతో కొంతకాలంగా పలకరించుకోవడం లేదు. మొన్న ఇద్దరికీ ఫోన్ చేసి, మా మేడమీది ఇనుప బీరువా కిందికి దించాలి, ఒక్కడి వల్ల కాదు, రండి అన్నాను. ముఖాలు ముడుచుకునే వచ్చారు. మెట్ల మలుపు దగ్గరికి వచ్చేసరికి చిన్నవాడు, “కింది దిక్కు నేను పట్టుకుంటనే అన్నా, నీకు నడుమునొప్పి గద,” అనడం నా చెవిన పడింది. గుండె నిండిపోయింది.

నిజానికి ఆ బీరువా మేడమీదే బాగుండేది. వచ్చే నెల మళ్లీ పైకి ఎక్కించమంటాను.