రేపు రా

సుద్దముక్క పట్టుకుంటే ఇప్పటికీ నా వేళ్లు చల్లబడతాయి.

చిన్నప్పుడు రాజమండ్రిలో, దయ్యం చదివి వెనక్కి పోతుందని, మా వీధి తలుపులన్నిటి మీదా "రేపు రా" అని రాశారు. మేడమీద బాబాయి గదికి మాత్రం రాయలేదు. లోపల టేపురికార్డరులో ఎవరో ఇంగ్లీషు రాక్ గాయకుడు గొంతు చించుకునేవాడు.

"ఏమంటున్నాడు బాబాయ్?"

"వచ్చెయ్యమని ఆ అమ్మాయిని పిలుస్తున్నాడే. పిలవగా పిలవగా ఎప్పటికైనా వస్తుంది."

హడలిపోయి ఆ తలుపు మీద నేనే రాసేశాను.

మర్నాడు మధ్యాహ్నం వానలో, ఇల్లంతా నిద్రపోతుండగా, తడిసిన జుట్టుతో ఒకావిడ మెట్లెక్కడం చాటుగా చూశాను. లోపల పాట మోగుతూనే ఉంది. ఆవిడ అక్షరాలు చదివి, వేలితో తడిమి, చప్పుడు లేకుండా దిగిపోయింది.

పాట అయ్యాక బాబాయి తలుపు తీశాడు. "ఎవరైనా వచ్చారేంటే?"

"ఎవరూ రాలేదు," అన్నాను గర్వంగా.

దయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు. ఆవిడవి మామూలుగానే ఉన్నాయని పెద్దయ్యాక గానీ నాకు గుర్తురాలేదు.