ఆకుపచ్చ గీత

ఈ ఉదయం పాయా లేబర్ పేటలోని మా వర్క్‌షాప్ ర్యాంపు మీదికి ఆ ఎర్ర కారు ఎక్కుతుంటే, చూడకుండానే గుర్తుపట్టాను. పన్నెండు సిలిండర్ల ఇంజిన్ అది. గుర్రుమంటూ వచ్చి, మలుపులో ఒక్కసారిగా గొంతు విప్పుతుంది. ఆ చప్పుడు వింటే నాకు అప్పలస్వామి అంకుల్ గుర్తొస్తారు. ఆయన ఇక్కడ ఫోర్‌మన్‌గా చేసేవారు, నాకు పని నేర్పిన మనిషి.

అంకుల్ తాతగారు ఎప్పుడో విశాఖ వైపు నుంచి ఓడెక్కి ఈ ద్వీపదేశానికి వచ్చారట. ఆటోమొబైల్ డిగ్రీ పట్టుకుని నేను నెల్లూరు నుంచి వస్తే, ఆడపిల్లకి ఈ బరువు పనులెందుకని పెదవి విరిచినవాళ్లే అందరూ. నాకోసం మాటిచ్చి చేర్చుకున్నది ఆయనొక్కరే. ఇటలీలో లెక్కపెట్టి కొన్నే తయారుచేసిన ఆ కారు మొదటిసారి లిఫ్ట్ ఎక్కినప్పుడు, పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు వంశం చెప్పినట్టు దాని చరిత్ర చెప్పారు. "దీని ఇంజిన్‌కి తాత లాంటిది రేసుల్లో గెలిచిందమ్మా. వానలో కూడా ఆగకుండా పరిగెత్తింది. ఇది షోకేసులో పెట్టే బొమ్మ కాదు లా!" అన్నారు, ఇక్కడివాళ్లందరిలా మాట చివర 'లా' తగిలించి.

మా దగ్గర ఒక పద్ధతుంది. బోల్టు సరిగ్గా బిగిశాక, దాని తల మీంచి పక్క లోహం మీదికి రంగు పెన్నుతో గీత గీయాలి. బోల్టు కదిలితే గీత తప్పిపోయి కనబడుతుంది. సీనియర్లకు తలా ఒక రంగు. నాకు లేదు. నేను బిగించినవన్నీ అంకుల్ సరిచూసి తన పసుపు గీత గీసేవారు. నాకది ఉక్రోషంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం ఆ కారు సరిహద్దు దాటి మలేషియాలోని రేస్ ట్రాక్‌కు బయలుదేరాలి. ఓనర్ స్నేహితులతో గంట ముందే దిగాడు. హడావిడిగా పని ముగించాం. అంకుల్ తాళం ఇచ్చారు, ఇంజిన్ మోగింది, అందరూ ఫోన్లు పైకెత్తారు. నేను మనసులో గీతలు లెక్కపెట్టుకుంటూ ముందు ఎడమ చక్రం వెనకున్న సస్పెన్షన్ బోల్టు దగ్గర ఆగిపోయాను. దానికి అంకుల్‌ని పిలిచిన గుర్తు లేదు. చెబితే ఇంతమందిలో ఆయన పరువూ, నా ఉద్యోగమూ పోతాయి. చెప్పకపోతే ఆ బోల్టుతోనే అతను ట్రాక్ మీద మలుపులు తిప్పుతాడు. వెళ్లి కారుకి అడ్డం నిలబడ్డాను.

"అంకుల్, ఒక బోల్టు డౌటుగా ఉంది. మర్చిపోయాననుకుంటా."

ఆయన వెంటనే ఇంజిన్ ఆపించారు. కారు మళ్లీ లిఫ్టెక్కింది. సరిగ్గా బిగిశాకే టిక్కుమనే రెంచ్ పెడితే, పావు చుట్టు తిరిగాక గానీ అది టిక్కుమనలేదు. ఎవరి పని ఇది అని ఓనర్ మండిపడ్డాడు. "లెక్క చూసుకోకుండా తాళం ఇచ్చింది నేను. పట్టుకున్నది ఈ అమ్మాయి," అని అంకుల్ ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పారు. తర్వాత టూల్‌బాక్స్‌లోంచి కొత్త ఆకుపచ్చ పెన్ను తీసి నా చేతిలో పెట్టారు.

"ఇక నీ గీత నువ్వే గీసుకో."

"తప్పు చేశాను కదా అంకుల్?"

"బిగించడం ఎవరైనా నేర్చుకుంటారమ్మా. అందరి ముందూ చెప్పడం నేను నేర్పలేను, అది నీకుంది."

అంత గర్వం నా డిగ్రీ రోజున కూడా కలగలేదు.

అంకుల్ పోయి రెండేళ్లయింది. ఇప్పుడు ఫోర్‌మన్‌ని నేను. ఇవాళ ఆ చక్రం వెనక దుమ్ము తుడిస్తే నా ఆకుపచ్చ గీత, పక్క బోల్టు మీద ఆయన పసుపు గీత, రెండూ తిన్నగా ఉన్నాయి. సర్వీసు ముగిశాక ఓనర్ తాళం కోసం చెయ్యి చాచలేదు. తాళానికి ముందు మేము అడిగే ప్రశ్న ఇన్నేళ్లుగా అతనికి అలవాటే. నేను వర్క్‌షాప్ మొత్తానికి వినబడేలా "ఎవరికైనా డౌటుందా?" అని అడిగి, ఒక్కొక్కరూ లేదని తలూపేదాకా నిలబడ్డాను. తాళం ఆ తర్వాతే ఇచ్చాను.