మూడోసారి కుదిరిన పేల్ ఏల్

బాబు నా పాలు పూర్తిగా మానేశాడని మొన్న మా ఆయన రిచ్‌మండ్ హిల్ ఆఫీసు నుంచి వస్తూ నాలుగు పేల్ ఏల్ బీరు క్యాన్లు తెచ్చి, ఇక నువ్వూ తాగొచ్చు కదా అంటూ ఫ్రిజ్‌లో పెట్టారు. ఇక్కడ కేంబ్రిడ్జ్‌లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మాటలు రాని బాబుతోనే మాట్లాడుకునే నాకు అదే పెద్ద పండగ. ఒక గుక్క తాగాను. బాగానే ఉంది, కానీ అది కాదు.

ఆ 'అది' నాకు ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న గ్వెల్ఫ్‌లో చదువుకునే రోజుల్లో అలవాటైంది. మనలో చదువు కోసం స్టడీ పర్మిట్ మీద ఈ దేశం వచ్చినవాళ్లు బేస్‌మెంట్ గదులను ఎలా మరిచిపోతారు? నా పక్క గదిలో నాకంటే మూడేళ్లు పెద్దదైన కరీంనగర్ అక్క ఉండేది. ఇద్దరం ఒకే పబ్ వంటింట్లో పార్ట్‌టైమ్ చేసేవాళ్లం. షిఫ్ట్ అయ్యాక యజమాని తలా ఒక గ్లాసు పేల్ ఏల్ ఇచ్చేవాడు. మొదట్లో మొహం చిట్లించిన నాకే, అంట్లు తోమి నానిపోయిన చేతులతో ఆ గ్లాసు పట్టుకుని, నారింజ తొక్క లాంటి వాసన పీల్చి, వెనకే వచ్చే చిరుచేదు నాలుకకు తగిలితే తప్ప రోజు ముగిసినట్టు అనిపించేది కాదు. కొన్నాళ్లకు దాన్ని తయారుచేసే చిన్న కంపెనీ మూతపడింది. పోతే పోనీ, మనమే చేసుకుందామంది అక్క.

మొలకెత్తిన బార్లీతో చేసే మాల్ట్ పాకాన్ని బిర్యానీ గిన్నెలో మరిగించి, హాప్స్ అనే చేదు పూల గుళికలు వేసి, చల్లార్చి, బకెట్‌లో పోసి ఈస్ట్ కలిపాం. ఆ తరువాత, చలికాలంలో ఇడ్లీ పిండి పులియబెట్టే మనుషులం కదా, బకెట్‌కు రెండు దుప్పట్లు చుట్టి, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పక్కన పెట్టాం. మూడు వారాలకు సీసా తెరిస్తే మిగలపండిన అరటిపండ్ల వాసన గుప్పుమంది.

“గిది బీరానే, సత్తెనారాయణ వ్రతం ప్రసాదమా?” అని అక్క నవ్వుతూనే రెండు గ్లాసులు తాగింది.

బీరు తయారీ సామాను అమ్మే కొట్టులో పెద్దాయన, ఈ ఈస్ట్‌కు వెచ్చదనం పనికిరాదని చెప్పాడు. రెండోసారి బకెట్‌ను చల్లటి కిటికీ కిందికి మార్చాం. రుచి దగ్గరికొచ్చింది గానీ వాసన లేదు. చారులో కొత్తిమీర దించేముందు వేస్తామే గాని మొదటి నుంచీ మరిగిస్తామా అని అక్కకే తట్టింది. మూడోసారి సగం హాప్స్ స్టవ్ ఆపేశాక వేసింది.

అప్పటికి నాకు పెళ్లయి, నేను కేంబ్రిడ్జ్ వచ్చేశాను. అక్కకు విమానమెక్కి వెళ్లాల్సినంత దూరంలో, కాల్గరీలో ఉద్యోగం దొరికింది. వెళ్లేముందు, మొదటి సీసా ఇద్దరం కలిసే తెరవాలని నా కోసం ఆపింది. నేను గ్వెల్ఫ్ వెళ్లిన రోజు మూత తీయగానే అదే నారింజ వాసన. అక్క నా గ్లాసు నింపింది. నేను వద్దన్నాను.

నాకు రెండో నెల. అంతకుముందు ఒకటి నిలవలేదు. మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పొద్దని అత్తగారు అన్నారు, అనకపోయినా చెప్పేదాన్ని కాదేమో, నోరు తెరిస్తే జారిపోతుందేమో అన్నంత భయం.

“పెండ్లయినంక మా బీరు నచ్చుతలేదా?” అంది అక్క. ఈసారి నవ్వలేదు. నేను తల దించుకున్నాను. వారం తిరక్కుండా ఆమె వెళ్లిపోయింది. ఆ తరువాత ఫోన్లు లేవు. దిష్టి భయంతో బాబు ఫొటో ఎక్కడా పెట్టకపోవడంతో ఆమెకు తెలిసే దారి కూడా లేకపోయింది.

మొన్న ఆ ఒక్క గుక్క తాగాక, సంగతంతా అక్కకు రాసి పంపాను. జవాబొచ్చింది.

“పిచ్చిదానా, అప్పుడే చెప్తే చాయ్ పెడ్తుంటి గదనే.”

మూడోది ఎలా కుదిరిందని అడిగాను. ఒక్కదాన్నే తాగిన, రుచేం యాదికి లేదంది.

ఒకప్పుడు మా ఇద్దరి మధ్య పల్చటి గోడ ఒక్కటే ఉండేది, తట్టకుండానే మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు ఒక మాట చెప్పడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. కొలతలన్నీ నా దగ్గర భద్రంగానే ఉన్నాయి, ఎప్పుడైనా మళ్లీ చేయవచ్చు. కానీ బకెట్ నిండా ఇరవై లీటర్లు చేసి, నేనొక్కదాన్నే రుచి చూసి, ఇదే అని ఎవరితో అనను?