సాకు అంటే

మొన్న ప్రవేశ పరీక్ష హాలులో చివరి గంట మోగగానే, నాతోపాటు ఇన్విజిలేటరుగా ఉన్న కన్నడ లెక్చరర్ "సాకు, పెన్ను కెళగిడి" అన్నారు. పిల్లలు పెన్నులు బల్లల మీద పెడుతున్న చప్పుడులో నాకు సారమ్మ మేడం గుర్తొచ్చి, నాలో నేనే నవ్వుకున్నాను.

మేడం వాళ్లది బెంగళూరు పక్కన హొసకోటెలో ఎప్పుడో స్థిరపడిన తెలుగు క్రైస్తవ కుటుంబం. బి.ఎడ్.లో మాకు బోధనా పద్ధతులు నేర్పేవారు. నేను మదనపల్లె నుంచి అప్పుడే బెంగళూరు వచ్చాను. టీచరు కావాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి, శిక్షణ పొందాలి, పైన అర్హత పరీక్ష దాటాలి. ఆ నిబంధనలన్నీ కంఠతా పట్టి, అప్పుడే టీచరునైపోయినట్టు తిరిగేవాణ్ణి. బడిలో పిల్లల ముందు చెప్పి చూపించాల్సిన పాఠం మాత్రం మిగిలింది. అందులో తప్పితే ఏడాది చదువంతా మళ్లీ మొదటికొస్తుంది.

ఆ రోజు ఏడో తరగతికి విద్యుత్తు పాఠం. బల్బు వెలగలేదు. బ్యాటరీ అయిపోయిందని చెప్పేసి, వెలిగితే ఎలా ఉండేదో వచ్చీరాని కన్నడంలో వర్ణిస్తూ పోయాను. వెనక బెంచీలో కూర్చుని మార్కులు వేస్తున్న మేడం "సాకు" అన్నారు.

"సాకు కాదు మేడం, నిజంగానే బ్యాటరీ అయిపోయింది," అన్నాను తెలుగులో.

"కన్నడంలో సాకంటే చాలు అని అప్పా. నువ్వు చెప్పింది చాలు. ఆ సామాను పిల్లోళ్ల చేతికియ్యి."

ఇచ్చాను. ముందు బెంచీలోని అమ్మాయి తీగను గోటితో గీకి చూసి, "సార్, బ్యాటరీ చెన్నాగిదె. వైరు సిప్పె తెగెదిల్ల," అంది. బ్యాటరీ బాగానే ఉంది. తీగ చివర ప్లాస్టిక్ తొక్క తీయడం నేనే మరిచాను. ఆ పిల్ల తొక్క లాగేసి కలిపితే బల్బు వెలిగింది. క్లాసంతా ఆమెకు చప్పట్లు కొట్టింది.

వరండాలో మేడం వెనకాలే నడిచాను. "ఫెయిలేనా మేడం?"

"సాకు చెప్పినందుకు మార్కులు కోస్తా. సాకు అన్నాక నిలిపినావు కదప్పా, అందుకు పాసు చేస్తా."

మేడం ఇప్పుడు లేరు. నా బతుకుతెరువు ఆమె పెట్టిన భిక్ష అని ఎవరి ముందైనా చెబుతాను. బి.ఎడ్. విద్యార్థులకు ఇప్పుడు నేనే శిక్షణ ఇస్తున్నాను. క్లాసులో ఎవరైనా చెయ్యెత్తితే, నా మాట మధ్యలో ఉన్నా, లోపల ఆమె గొంతే "సాకు" అంటుంది. ఏ భాషలో అంటోందో ఇప్పటికీ తేల్చుకోలేను. నోరు మూసుకుని, చెయ్యెత్తినవాళ్లు చెప్పేది వింటాను.